గోడమీది నలుగురికి

విజయనగరం
మంగళవారం, రాత్రి పదకొండుంబావు

మహారాజశ్రీ చిన్న కుటుంబం వారికి,

పెద్ద కుటుంబంలోని పెద్దకోడలు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే పదకొండు మందిమి కాబట్టి ఒక్కొక్కరి క్షేమం విడివిడిగా రాయడం లేదు, కాగితం చాలదు. మీరు నలుగురూ అక్కడ క్షేమమని తలుస్తాను. గోడమీద ఉన్నవారికి జలుబు చేయదు, జ్వరం రాదు, మరీ అయితే సున్నం రాలుతుంది.

నన్ను మీరు ఎరగరు. మిమ్మల్ని మాత్రం నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. మా ఊరి ఆరోగ్య కేంద్రం గోడమీది కుటుంబ నియంత్రణ బొమ్మలో, తలకిందులుగా నిలబెట్టిన ఎర్ర త్రికోణం పక్కన ఉండేవారు. ప్యాంటూ చొక్కా వేసుకున్న అన్నయ్య, పచ్చ చీర కట్టుకున్న మీరు (అక్కా, ఈ ఉత్తరం ముఖ్యంగా మీకే), పక్కన ఒక పాప, ఒక బాబు. కింద పెద్ద అక్షరాలతో "చిన్న కుటుంబం, చింతలు లేని కుటుంబం". అంతకుముందు "ఇద్దరు లేక ముగ్గురు చాలు" అనేవారట. తరవాత అది "మేమిద్దరం, మాకిద్దరు" అయింది. ఆ మూడో బిడ్డ గోడమీద నుంచి ఎప్పుడు దిగిపోయాడో ఎవరూ చెప్పలేదు. మీ ఎదురుగా నిలబడే నేను టీకాలు వేయించుకున్నాను. సూది గుచ్చేటప్పుడు "అటు చూడు, ఎలా నవ్వుతున్నారో" అని నర్సమ్మ మిమ్మల్నే చూపించేది.

అప్పట్లో తోచలేదు గానీ ఇప్పుడు ఒక అనుమానం పట్టుకుంది. మీ నలుగురి చేతులూ ఖాళీగానే ఉంటాయి. గరిటె లేదు, సంచి లేదు, భుజాన తువ్వాలైనా లేదు. మీ వెనక ఒక ఇల్లుంది, తలుపు వేసి ఉంది. ఆ ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారు? అత్తగారూ మామగారూ ఎక్కడ? బొమ్మ గీయించిన రోజున ఊళ్లో లేరా, లేక లోపల వాళ్లే ఉండి పప్పు రుబ్బుతున్నారా?

మా సంగతి చెబుతాను. అత్తగారు, మామగారు, మేమిద్దరం. ఇద్దరు ఆడపిల్లలు పుట్టేదాకా, పెద్దవాళ్లను పక్కన పెడితే, నేను కూడా మీ వరసలోనే ఉన్నాను. మనవడు కావాలని అత్తగారు పైడితల్లి అమ్మవారికి మొక్కుకున్నారు. తప్పంతా ఆవిడమీద తోసేస్తే నా కళ్లు పోతాయి, ఆశ నాకూ ఉండేది. అమ్మవారు అడిగినదానికంటే ఒకరిని ఎక్కువే ఇచ్చింది. కవలలు, ఇప్పుడు మూడో తరగతి. ఇల్లు దొరికేదాకా అని మరిదీ తోడికోడలూ మా దగ్గరికి వచ్చి మూడేళ్లయింది. ఇల్లు దొరకలేదు, పాప పుట్టింది. వెరసి పదకొండు.

నాకు మీ నవ్వుతో గొడవ లేదు. మీ కొలతతోనే గొడవ. ఈ దేశంలో ప్రతి వస్తువునూ మిమ్మల్ని నిలబెట్టి కొలిచి చేసినట్టుంది.

ఈ రోజునే తీసుకోండి. పొద్దున్న నాలుగూ ముప్పావుకు లేచాను. కొళాయి ఐదున్నరకు వచ్చి ఆరుంబావుకు వెళ్లిపోతుంది, ఆ లోపల బిందెలు, డ్రమ్ము, బట్టలు. అదయ్యాక ఇడ్లీ. ఇడ్లీ పాత్రలో నాలుగు రేకులు, రేకుకు నాలుగు గుంటలు, పదహారు ఇడ్లీలు. మీ ఇంట్లో మనిషికి నాలుగు చొప్పున ఒక్క వాయితో సరి. మిగలవు, తరగవు. మా ఇంటి లెక్క నలభై మూడు. మామగారికి చక్కెర జబ్బు, మూడే తింటారు. పెద్దది బరువు తగ్గాలని రెండు తింటుంది, మళ్లీ స్కూలు బ్యాగు సర్దుకుంటూ ఇంకో రెండు తింటుంది, ఆ రెండూ లెక్కలోకి రావట. కవలలు పందెం వేసుకుంటారు. కాబట్టి మూడు వాయిలు. మొదటి వాయి తోడికోడలికి, మరిదికి, ఆయనకు: ఆమెకు విశాఖ రైలు, వీళ్లకు దుకాణం. రెండో వాయి పిల్లలకు. మూడో వాయి పెద్దవాళ్లకు. నాకు ఏ వాయి అని అడగకండి. విరిగిన ఇడ్లీలు ఏ వాయివో చెప్పడం కష్టం.

రెండో వాయి మధ్యలో మంట చిన్నబోయింది. గ్యాసు అయిపోయింది. గ్యాసు అయిపోతే మా ఇంట్లో నిమిషంలో సభ తీరుతుంది. "బండను కాస్త వంచి చూడమ్మా" అన్నారు మామగారు. "మొన్ననే కదా మార్చింది" అన్నారు మా ఆయన. ఆ మొన్నకు ఈ రోజుతో ఇరవై రోజులు. "కట్టెల పొయ్యి ఇలా మధ్యలో మోసం చేసేది కాదు" అన్నారు అత్తగారు, కట్టెల పొయ్యి దగ్గర ఆవిడ ఎంత ఏడ్చారో ఆవిడ చెప్పగా విన్నది నేనే. రెండో బండ మెట్ల కింద, పిల్లల సైకిలు వెనక, బియ్యం బస్తా పక్కన ఉంది. సలహా నలుగురిది, బండను దొర్లించింది నేనూ మా రెండోదీ. రెగ్యులేటరు బిగించి, సబ్బునీళ్లు రాసి బుడగలు రావడం లేదని చూసుకుని పొయ్యి వెలిగించేసరికి సగం ఉడికిన ఇడ్లీలు మాతో మాట్లాడటం మానేశాయి.

బండలో ఉండే గ్యాసు 14.2 కిలోలు. ఇంట్లో ముగ్గురున్నా అంతే, ముప్ఫై మంది ఉన్నా అంతే. మన రాష్ట్రంలో 2024 దీపావళికి దీపం-2 మొదలుపెట్టి, అర్హులైన ఇంటికి సంవత్సరానికి మూడు బండలు ఉచితమన్నారు. నాలుగు నెలలకు ఒకటి. ఇచ్చేదాన్ని తప్పుపట్టే గుణం నాకు లేదు, లెక్క మాత్రం చూస్తాను. పొదుపుగా వాడితే మీకు ఒకటి నలభై, నలభై అయిదు రోజులు వస్తుందేమో. మాలాంటి ఇంటికి మూడు బండలంటే అరవై రోజులు, అంటే సంవత్సరంలో పది నెలల వంట మళ్లీ మామూలే. ఇంకో పథకం ఉంది, పిల్లల చదువుకని తల్లి ఖాతాలో డబ్బు వేసేది. పిల్లలు ఎంతమందైనా అంతమందికీ ఇస్తారు. చదవగానే నాకు కళ్లు చెమర్చాయి. తరవాతి పంక్తిలో నెలకు 300 యూనిట్ల కరెంటు దాటిన ఇంటికి వర్తించదని ఉంది. పిల్లల్ని లెక్కపెట్టినవారు పిల్లల మీద తిరిగే ఫ్యాన్లను కూడా కాస్త లెక్కపెడితే బాగుండేది. నా ఎరికలో మనుషుల తలలు లెక్కపెట్టేది బియ్యం కార్డు ఒక్కటే, తలకు 5 కిలోలు. అందుకే దానిమీద నాకు గౌరవం.

వంట పుస్తకాలదీ ఇదే తంతు, ఫోనులో వచ్చే వంటలదీ ఇదే తంతు. "నలుగురికి సరిపడా" అంటారు. పదకొండు మందికి చేయాలంటే అన్నింటినీ రెండు ముప్పావుతో హెచ్చవేయాలి. ఉప్పు రెండు ముప్పావు చెంచాలు, అదీ సరే. పసుపు చిటికెడు అన్నచోట రెండు ముప్పావు చిటికెలు ఎలా వేయాలో లెక్కల మాస్టారిని అడిగి రమ్మని పెద్దదాన్ని పంపించాను. పొయ్యికి రెండే మంటలు. ఒకదాని మీద అన్నం కుక్కరు, ఒకదాని మీద పప్పు కుక్కరు ఎక్కిస్తే కూర వరస కోసం నిలబడాలి. అందులో ఈ రోజు మంగళవారం, అత్తగారు ఉల్లిపాయ ముట్టరు. ఆవిడకు వేరే పోపు. మామగారికి చోడి (రాగి) అంబలి. చంటిదానికి కారం లేని పప్పు. ఏడు క్యారేజీలు సర్దాలి. క్యారేజీలు ఏడూ ఉన్నాయి, మూతలు ఆరు. ఏడో మూత ఏ స్కూలు బెంచీ కింద తపస్సు చేస్తోందో తెలియదు. రోజుకు ఒకరి క్యారేజీకి పళ్లెం మూతపెట్టి గుడ్డ కట్టి పంపిస్తాను. ఈ రోజు వంతు మా ఆయనది. నలుగురిలో పరువు పోతుందన్నారు. ఆ నలుగురూ మీరేనా?

ఈ మధ్య పేపరులో ఒక లెక్క చూశాను. ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వే అట. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. ఆ పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్లు 88 నిమిషాలు. 2019 సర్వేలో ఇవి 299, 97. అయిదేళ్లలో మాకు పది నిమిషాలు తగ్గాయి, మగవాళ్లకు తొమ్మిది. మేము దించిన పని వాళ్లు ఎత్తుకోలేదు, వాళ్లు దించినది మేము ఎత్తుకోలేదు, మరి ఆ పనంతా ఎక్కడికి పోయిందో నాకైతే బోధపడలేదు. మా ఇంటికి మాత్రం రాలేదని అనుకోవడానికి వీల్లేదు. పేపరు మడిచి గడియారం పక్కన పెట్టుకుని చూశాను. నాలుగూ ముప్పావుకు మొదలుపెడితే 289 నిమిషాలు తొమ్మిదీ ముప్ఫై నాలుగుకు పూర్తవుతాయి. ఆ సమయానికి పిల్లలు స్కూలుకు వెళ్లారు, గిన్నెలు ఇంకా తొట్టిలోనే ఉన్నాయి, మధ్యాహ్నం వంట మొదలు కాలేదు. ప్రభుత్వం లెక్కన నా పని అయిపోయింది. మిగతా రోజంతా నేను సగటుకు మించి ఊరికే తిరుగుతున్నానన్నమాట.

మగవాళ్ల 88 నిమిషాలను కూడా మా ఇంట్లో వెతికాను. దొరకలేదని అబద్ధం చెప్పను. మామగారు చిక్కుడుకాయలకు ఈనె తీసి పెడతారు, పేపరు చదువుతూ తీస్తారు కాబట్టి రాజకీయాలు వేడెక్కిన రోజున ఈనెలు కూరలోకీ కాయలు చెత్తలోకీ వెళతాయి. మరిది చంటిదాన్ని ఎత్తుకుంటాడు, అది తడిపేదాకా. మా ఆయన నెలకోసారి బియ్యం బస్తా దించి, ఆ సాయంత్రం నడుము పట్టుకుని కూర్చుంటారు. మందు రాసేది ఎవరు? ఆ నిమిషాలు నా ఖాతాలోకే వస్తాయి.

మధ్యాహ్నం గురించి విడిగా రాయడానికి ఏమీ లేదు. అది పొద్దున్నకు కొనసాగింపు, కాకపోతే ఎండ ఎక్కువ. బట్టలు ఆరేశాను, చంటిదాన్ని నిద్రపుచ్చాను, అది లేచింది.

అసలు సంగతికి వస్తాను. అక్కా, మీకు ఈ మధ్య దశ బాగాలేదని విన్నాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 నాటికే ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలని తేల్చింది. జనాభా తరగకుండా ఉండాలంటే 2.1 కావాలట. అంటే మీ బొమ్మలోని ఇద్దరు పిల్లల్లో ఒకరిని మోకాళ్ల కింద చెరిపేయాలి. పెయింటరు వస్తే కంగారు పడకండి, సర్వే ప్రకారమే. ఇప్పుడు పెద్దలంతా ఎక్కువమందిని కనండి అంటున్నారు. 1994 చట్టంలో ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదని ఉండేది. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను తీసేసింది. నలుగురు పిల్లల తల్లిని, నేను ఇప్పుడు కార్పొరేటర్‌గా నిలబడవచ్చు. నామినేషన్ పత్రాలు తీసుకునేది పొద్దున్న పదకొండు నుంచి మూడింటిదాకా అని తెలిసి విరమించుకున్నాను. ఆ వేళకు మా ఇంట్లో రెండో దఫా వంట.

2025 మార్చిలో, మహిళా దినోత్సవం రోజుల్లోనే, మా విజయనగరం ఎంపీగారు ఒక ప్రకటన చేశారు. మూడో బిడ్డ ఆడపిల్ల అయితే తన జీతంలోంచి 50 వేల రూపాయలు, మగపిల్లవాడైతే ఆవు. ఊరంతా దాని గురించే చెప్పుకుంది. మామగారు పేపరు ఎత్తి చూపించి "చూశావా, మనం ముందే తొందరపడ్డాం" అన్నారు. మాకైతే మూడోవాడికి ఆవు, నాలుగోవాడికి దూడ వచ్చేవి కాబోలు. అందరూ ఆవు ఒంగోలుదా, జెర్సీదా అని వాదించుకుంటుంటే నాకు తట్టినది ఒక్కటే. దానికి మేత ఎవరు వేస్తారు? కుడితి ఎవరు పెడతారు? పేడ ఎవరు ఎత్తుతారు? పాలు పితకడం రాదంటే "నేర్చుకో, ఎంతసేపు" అంటారు. పదకొండు మంది ఇంటికి పన్నెండో తలను తోలుకొచ్చి దానికి బహుమతి అని పేరు పెట్టారు. పైగా అది ఇడ్లీ తినదు, విడిగా వండాలి.

తక్కువ కనమన్నప్పుడు మిమ్మల్ని గోడమీద నవ్వుతూ నిలబెట్టారు. ఎక్కువ కనమంటున్నప్పుడు వేదికమీద మైకు నిలబెట్టారు. ఇడ్లీ పాత్రను పెద్దది చేయమని అప్పుడూ ఎవరూ అనలేదు, ఇప్పుడూ అనడం లేదు. పొయ్యికి మూడో మంట, బండకు నాలుగు కిలోలు అదనం, ఇంట్లో మగవాళ్లకు ఇంకో 88 నిమిషాలు, వీటి ఊసు ఏ ప్రకటనలోనూ లేదు. ఇన్నాళ్లూ నన్ను చూసి "నలుగురా!" అని బుగ్గలు నొక్కుకున్న ఎదురింటావిడ మొన్న కూరగాయల బండి దగ్గర "మీరే నయం, దేశానికి ఉపయోగపడ్డారు" అంది. దేశం కోసం అరకిలో బెండకాయలు ఎక్కువ తీసుకున్నాను.

సాయంత్రం స్కూలు నుంచి కవలలు చెరొక కాగితం తెచ్చారు. "నా కుటుంబం" అని పైన రాసి ఉంది. కింద మీ కొలతే, నాలుగు గడులు. ఒక్కొక్క గడిలో ఒకరి ఫొటో అంటించి పేరు రాసుకుని రేపటికి తీసుకురావాలి. ఇద్దరూ కూర్చుని మంత్రాంగం చేశారు. ఇద్దరి కాగితాలూ కలిపితే ఎనిమిది గడులు. పెద్దవాడి కాగితంలో తాతయ్య, నానమ్మ, నాన్న, బాబాయి. చిన్నవాడి కాగితంలో పిన్ని, పాప, అక్కలిద్దరు. మిగిలింది వాళ్లిద్దరూ నేనూ. అంచుల్లో స్కేలు పెట్టి అదనపు గడులు గీశారు, అనుమతి లేని నిర్మాణంలాగా. వాళ్ల ఫొటోలు దొరికాయి. నాది దొరకలేదు. ఆల్బం అంతా తిరగేస్తే పాప అన్నప్రాశన ఫొటోలో ఒక మూల వడ్డిస్తున్న చెయ్యి ఉంది, గాజుల్ని బట్టి నాదే. చెయ్యి ఒక్కటే అంటిస్తే టీచరు ఒప్పుకోదన్నారు.

నేను మామగారి అంబలి దించి వచ్చేసరికి పెద్దవాడు పని పూర్తి చేశాడు. గ్యాసు వాళ్లకు ఇవ్వాలని నిన్న తీయించి పెట్టుకున్న నా ఆధార్ జిరాక్సును కత్తెరతో కత్తిరించి ఫొటో అంటించేశాడు. ఆ ఫొటోలో నేను ఎలా ఉంటానో మీకు చెప్పనక్కరలేదు, జిరాక్సులో ఇంకా నయం, పోలికలే లేవు. చిన్నవాడికి జిరాక్సు మిగల్లేదు. వాడు పెన్సిలుతో నా బొమ్మ గీశాడు. నాలుగు చేతులు పెట్టాడు. ఒక్క క్షణం గుండె నిండిపోయింది. "అమ్మవారిలా గీశావా నాన్నా?" అని అడిగాను. "కాదు, మొదట గీసిన చేతులు వంకరొచ్చాయి. రబ్బరు ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

రబ్బరు వెతికిపెట్టి, రాత్రి వంట చేసి, పదకొండు పళ్లేలు కడిగి, రేపటికి పప్పూ బియ్యం నానబోసి ఇప్పుడు కూర్చున్నాను. ఉత్తరం రాయడానికి కారణం ఒకటుంది. ఈసారి దసరా వెళ్లిన మంగళవారం మా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే జాతర. ముందురోజు వేడుక తొలేళ్లు. ఊళ్లో ప్రతి ఇల్లూ చుట్టాలతో నిండిపోతుంది. మా ఇంటి పదకొండు అప్పుడు ఇరవై దాటుతుంది. మీరు నలుగురూ ఒక్కసారి గోడ దిగి రండి. ఇన్నేళ్లుగా నిలబడే ఉన్నారు, పిల్లలకు సిరిమాను చూపించినట్టూ ఉంటుంది. అన్నయ్యను కొళాయి దగ్గర నిలబెడతాను. మీ పాపకూ బాబుకూ మెట్ల కింద బండ ఎక్కడుందో చూపించి పెడతాను. మీరు నా పక్కన కూర్చుందురు గాని, కొబ్బరి కోరుతూ ఆ నవ్వు రహస్యమేమిటో చెబుదురు గాని. వచ్చేటప్పుడు మీ ఇడ్లీ పాత్ర తప్పకుండా తెచ్చుకోండి. మీదీ మాదీ కలిపి ఎక్కిస్తే వాయికి ముప్ఫై రెండు.

ఇట్లు,
పదకొండు మంది ఇంటి పెద్దకోడలు

తా.క.: మీకు ఆవు గానీ వచ్చి ఉంటే, దాన్ని అక్కడే గోడకు కట్టేసి రండి.